అలారం మోగినా ఏఆర్‌టీ మాత్ర ఎందుకు తప్పుతోంది?

హెచ్‌ఐవీని అదుపులో ఉంచడానికి రోజూ వేసుకునే మందులే ఏఆర్‌టీ. అవి వాడేవారి ఫోనులో అలారం పెట్టి పంపితే ఆరోగ్య సిబ్బందిగా మన పని అయిపోయిందనుకుంటాం. చాలాసార్లు అసలు పని అక్కడే మొదలవుతుంది.

సమస్య: అలారం మోగుతోంది, మాత్రలు మాత్రం మిగిలిపోతున్నాయి.
కారణం: రాత్రి ఎనిమిదింటికి అలారం మోగేసరికి మనిషి గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తుంటాడు. మాత్రల సీసా ఇంట్లో, బీరువాలో బట్టల కింద ఉంటుంది. అలారం ఆపేస్తాడు, ఇల్లు చేరేసరికి మర్చిపోతాడు.
పరిష్కారం: మనిషి, మాత్ర ఒకేచోట ఉండే వేళకు అలారం మార్చండి. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మర్నాడు రెండూ కలిపి వేసుకోకూడదు.

సమస్య: అలారమే తీసేశారు.
కారణం: ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. తెర మీద ‘ఏఆర్‌టీ’ అని పడితే కోడలు చదువుతుందన్న భయం. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. హెచ్‌ఐవీ సంగతి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేయాల్సి వచ్చింది.
పరిష్కారం: అలారానికి ఇంటిపని పేరు పెట్టండి. నాకు తెలిసిన ఒకామె ‘పాలు తోడుపెట్టాలి’ అని పెట్టుకుంది. రోజూ పాలు తోడుపెట్టి, గిన్నె మీద మూత పెట్టి, అదే చేత్తో మాత్ర తీసుకుంటుంది. ఎవరూ ఏమీ అడగలేదు.

సమస్య: ఫోను కలవడం లేదు.
కారణం: రీఛార్జి అయిపోయింది, లేదా సిమ్ మారింది.
పరిష్కారం: మందులకు వచ్చిన ప్రతిసారీ నంబరు సరిచూసుకోండి.

సమస్య: సందేశాలన్నీ అందుతున్నాయి, అయినా మందు మానేశారు.
కారణం: ఇది మతిమరుపు కాదు. నిద్ర పట్టకపోవచ్చు, మందుల కోసం వస్తే ఆ రోజు కూలి పోవచ్చు, మనసు విరిగి ఉండవచ్చు. దక్షిణ భారతదేశంలో 631 మందికి వారం వారం ఫోను కాల్, బొమ్మ సందేశం పంపి చూశారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల్లో, మందు విఫలమవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కెన్యాలో మాత్రం వారానికోసారి ‘ఎలా ఉన్నారు?’ అని సందేశం పంపి జవాబు కోరారు. ఇబ్బంది అన్నవారికి ఆరోగ్య సిబ్బంది తిరిగి ఫోను చేశారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో వైరస్ అదుపు మెరుగైంది. నా దృష్టిలో తేడా ఆ తిరిగి చేసిన ఫోనుదే.
పరిష్కారం: చదవలేనివారితో ముందే మాట అనుకోండి: ఒక మిస్డ్ కాల్ అయితే బాగున్నానని, రెండైతే ఇబ్బందని. రెండొస్తే ఆ రోజే ఫోను చేయండి. మీరు అందుబాటులో లేనప్పటి కోసం ఉచిత హెల్ప్‌లైన్ 1097 వారి ఫోనులో వేసి ఉంచండి. ఫోను ఎత్తగానే ‘మాత్ర వేసుకున్నారా?’ అని నిలదీయకండి. ‘అన్నం తిన్నారా, రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడగండి. మాత్ర సంగతి వారే చెబుతారు.