విండోస్ డ్రైవ్‌లోని ఆటలు లినక్స్‌లో తెరుచుకోకపోతే

ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే డిస్క్ ఫార్మాట్) డ్రైవ్‌లో ఉన్న స్టీమ్ (ఆటలు కొని ఆడే యాప్) లైబ్రరీనే లినక్స్‌కూ చూపిస్తే, ప్లే నొక్కగానే బటన్ క్షణం పాటు స్టాప్‌గా మారి మళ్లీ ప్లేకి వచ్చేసేది. ఎర్రర్ ఏమీ రాదు. తప్పు ఆటది కాదు. విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపించే స్టీమ్ పనిముట్టు ప్రోటాన్, ఒక్కో ఆటకీ కంపాట్‌డేటా ఫోల్డర్‌లో విడిగా విండోస్ వాతావరణం కడుతుంది. అందులో 'సి:' పేరుతో సింబాలిక్ లింక్ (మరో చోటికి దారి చూపే ఫైల్) ఉంటుంది. ఫైల్ పేరులో కోలన్ (:) ఉంటే విండోస్ ఒప్పుకోదు, చిక్కంతా అక్కడే.

స్టీమ్ మూసేసి, ఆ డ్రైవ్‌లోని కంపాట్‌డేటాని తొలగించి, హోమ్ ఫోల్డర్‌లో ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే డిస్క్ ఫార్మాట్) మీద కొత్త ఫోల్డర్ పెట్టి, పాత చోటు నుంచి దానికి సింబాలిక్ లింక్ ఇచ్చాను. ఆటలు తెరుచుకున్నాయి. తొలగించే ముందు సేవ్ ఫైళ్లు తప్పకుండా కాపీ చేసుకోండి, క్లౌడ్ సేవ్ లేని ఆటలవి చాలావరకు అందులోనే ఉంటాయి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా తెరుచుకునే సదుపాయం) కూడా ఆపేయాలి, లేకపోతే డ్రైవ్ రీడ్ ఓన్లీగా (చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా) మౌంట్ కావచ్చు.