జీడిమామిడి తోటలో సమస్యలు: ముందు మొదలు చూడండి, తర్వాత చిగురు

జీడిమామిడిలో చెట్టును చంపేది ఒకటి, కాపును చంపేది మరొకటి. మొదటిది కాండం, వేరు తొలిచే పురుగు. రెండోది టీ దోమ (పేరు దోమే గానీ, ఇది చెట్టు రసం పీల్చే నల్లి జాతి పురుగు). మిగతావన్నీ వీటి తర్వాతే. కింద చెప్పిన నెలలు, మోతాదులు ఉద్దానం, పలాస వైపు కాపుకొచ్చిన అంటు తోటలను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఒక్క చెట్టే పసుపెక్కి, కొమ్మలు ఎండుతుంటే

చాలామంది వెంటనే యూరియా వేస్తారు. దానివల్ల ఏమీ జరగదు. పక్క చెట్లు పచ్చగా ఉండి ఒక్కటే పసుపెక్కిందంటే అది ఎరువు లోటు కాదు. చెట్టు మొదట్లో ఆకులు, గడ్డి పక్కకు నెట్టి నేల నుంచి మీటరు ఎత్తు దాకా బెరడు వెతకండి. చిన్న రంధ్రాలు, కారి గట్టిపడిన బంక, రంపపు పొట్టులాంటి పిప్పి కనిపిస్తే తొలిచే పురుగే. ఎర్రటి గోధుమరంగు పెంకు పురుగు బెరడు పగుళ్లలో, బయటపడ్డ వేర్ల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు బెరడు కింద అడ్డదిడ్డంగా తొలుచుకుంటూ పోవడంతో వేర్లకూ కొమ్మలకూ మధ్య ఆహారం, నీరు నడిచే దారి తెగిపోతుంది. ఆకు పసుపెక్కేది చివర్లో. అప్పటికి పురుగు నెలల తరబడి లోపల ఉంటుంది.

బంక కొద్దిగానే ఉండి ఆకు ఇంకా పచ్చగా ఉంటే చెట్టు దక్కుతుంది. పదునైన ఉలితో, పురుగు వెళ్లిన సొరంగం వెంబడి మాత్రమే బెరడు తీయండి. చుట్టూ గుండ్రంగా చెక్కితే పురుగు చేయాల్సిన పని మనమే చేసినట్టవుతుంది. సొరంగం లోతుగా ఉంటే సన్నని ఇనప తీగ దూర్చి పురుగును బయటికి లాగి చంపాలి. ఆపైన లీటరు నీటికి 50 మి.లీ. వేపనూనె, 5 గ్రాముల సబ్బు కలిపి మొదలు నుంచి మీటరు ఎత్తు దాకా, పైకి తేలిన వేర్లకు కూడా బాగా పూసి, వేర్లను మట్టితో కప్పాలి. మూడు, నాలుగు వారాలకు మళ్లీ చూడండి. కొత్త పిప్పి కనిపిస్తే ఒక పురుగు మిగిలి ఉందన్నమాట.

బెరడు చుట్టుకొలతలో సగానికి మించి పోయినా, చెట్టంతా పసుపెక్కినా ఇక ఆశ వద్దు. వేళ్లతో సహా తవ్వి, దుంగ చీల్చి, లోపలి పురుగులనూ గూళ్లనూ నాశనం చేయాలి. ‘వంటచెరకుకు పనికొస్తుంది’ అని మొద్దును గట్టున పడేస్తే అక్కడి నుంచే పెంకు పురుగులు తోటంతా పాకుతాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ లాంటి తుపాను తర్వాత ఒరిగిన చెట్లను ప్రత్యేకంగా చూసుకోవాలి. బయటపడిన వేర్లంటే ఈ పురుగుకు మహా ఇష్టం.

పల్లంలో ఉన్న చెట్లన్నీ కలిసి పసుపెక్కితే కథ వేరు. అక్కడ నీరు నిలుస్తోంది, జీడిమామిడి దాన్ని ఓర్చుకోలేదు. మురుగు కాలువ తీయండి.

చిగురు, పూత మాడినట్టు నల్లబడితే

చలికీ పొగమంచుకీ మాడిందనుకుంటారు. లేత కొమ్మను దగ్గరగా చూడండి. నల్లటి పొడవాటి మచ్చలు, వాటి మీద బంక చుక్కలు ఉంటే టీ దోమ పని. ఇది రసం పీలుస్తూ విషపు లాలాజలం వదులుతుంది కాబట్టి కొద్ది పురుగులే ఉన్నా కొమ్మ కొస పైనుంచి ఎండుతుంది. మచ్చ లేకుండా పూత గెల మాత్రమే ఎండితే, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజుల తర్వాత, శిలీంధ్రపు తెగులును అనుమానించాలి.

టీ దోమకు తేదీ ముఖ్యం. కొత్త చిగురు వస్తుండగా (అక్టోబరు, నవంబరు) లాంబ్డా సైహలోథ్రిన్ 5 ఈసీ (నీటిలో కలిపే 5 శాతం మందు) లీటరుకు 0.6 మి.లీ., పూత గెలలు బయటపడేటప్పుడు ప్రొఫెనోఫాస్ 50 ఈసీ లీటరుకు 1 మి.లీ. పిచికారీ చేయాలి. పిందె దశలోనూ పురుగు కనబడితేనే మూడోసారి. ఒకే మందును వెంటవెంటనే కొట్టొద్దు. పూత విచ్చాక ఉదయం పూట అసలే వద్దు, తేనెటీగలు తిరిగే వేళ అది. సాయంత్రం కొట్టండి. గట్టున ఉన్న వేప, జామ చెట్ల మీద కూడా ఈ దోమ బతుకుతుంది, వాటి చిగుర్లు కూడా చూడండి. ఎర్ర చీమలు గూళ్లు కట్టిన చెట్ల మీద దోమ తక్కువ. కోతకు వచ్చేవాళ్లు వాటిని తిట్టుకున్నా, ఉండనివ్వడమే మేలు.

పూత విరగబూసినా పిందె నిలవకపోతే

గెలలో ఎక్కువ పూలు మగవే, పిందె కట్టేవి కొన్నే. కాబట్టి పూత చాలావరకు రాలడం సహజం. అది కాకుండా పక్కపక్క చెట్ల కొమ్మల గొడుగులు కలిసిపోయాయేమో చూడండి. ఎండ తగిలే కొమ్మ కొసల్లోనే పూత వస్తుంది, నీడలో ఉన్న కొమ్మ ఆకు తప్ప ఏమీ ఇవ్వదు. కోత అయ్యాక ఎండు కొమ్మలు, లోపలికి పెరిగినవి, ఒకదానినొకటి రాసుకునేవి తీసేసి, కోతలకు బోర్డో పేస్టు (లీటరు నీటికి 100 గ్రా. మైలుతుత్తం, 100 గ్రా. సున్నం) పూయండి. అప్పటికీ వెలుతురు రాకపోతే చెట్టు విడిచి చెట్టు తీయక తప్పదు.

నీటి వసతి ఉంటే జనవరి నుంచి మార్చి దాకా 15 రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు ఇవ్వండి, పిందె రాలడం తగ్గుతుంది. ఎరువు ఐదో ఏడు నుంచి పూర్తి మోతాదులో: చెట్టుకు ఏడాదికి యూరియా 1.1 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 780 గ్రా., పొటాష్ 210 గ్రా. జూన్-జులైలో సగం, సెప్టెంబరు-అక్టోబరులో సగం, మొదటికి ఒకటిన్నర మీటరు దూరంలో, తడి ఉన్నప్పుడే.

పిక్కలు తేలికగా, పప్పు ముడతలుగా ఉంటే

చెట్టు మీది పండును కోసి పిక్క తీస్తే ఇలాగే ఉంటుంది. రాలినవే ఏరండి, అదీ ఎప్పటికప్పుడు. అనుమానం ఉంటే గుప్పెడు పిక్కలు బకెట్ నీళ్లలో వేయండి. ముదరనివి తేలతాయి. మిగిలినవి రెండు మూడు రోజులు ఎండబెట్టి బస్తాలకెత్తండి. పచ్చిగా కడితే బూజు పట్టి, పప్పు మచ్చలు పడి, వ్యాపారి ధర తగ్గిస్తాడు.