కౌన్సెలర్ లేని బడికి ఊరి తోడు కూడగట్టడం ఎలా

గోదావరి డెల్టాలో చాలా ఊరి బడుల్లో కౌన్సెలర్ కనిపించరు. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మందికి తగ్గకుండా విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టుకోవాలి, అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి అన్నది. లంక బడులకూ చిన్న హైస్కూళ్లకూ ఈ రెండో మాటే వర్తిస్తుంది. అయితే కాకినాడ పెద్దాసుపత్రి డాక్టరు దాకా వెళ్లేలోపు బిడ్డ పక్కన ఉండేది ఊరివాళ్లే. వాళ్లలో ఎవరు ఏం చేయాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. బ్యానరు కట్టి ఫొటో దిగే సమావేశంతో ఈ పని జరగదు.

ఆరేడుగురి జట్టు చాలు: హెచ్ఎం, పిల్లలకు చనువున్న ఒక టీచరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, సచివాలయం మహిళా పోలీసు, బడి యాజమాన్య కమిటీ నుంచి ఒక తల్లి, రేవు దాటి వచ్చే పిల్లలుంటే పడవ నడిపే మనిషి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో సగం మంది ఆడవాళ్లే కాబట్టి తల్లి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఊరి పెద్దలను దారులు, గట్ల పనికి పిలవండి. పిల్లల పేర్లు వినిపించే చోట మాత్రం కూర్చోబెట్టకండి.

మొదట పిల్లలు బడికి వచ్చే దారి చూడండి. ఇందులో ఎవరికీ పేచీ ఉండదు, జట్టుకూ ఒకరితో ఒకరికి పని అలవాటవుతుంది. వేసవిలో కట్టేసిన కాలువలకు నీరు వదిలేదీ, బడులు తెరిచేదీ జూన్‌లోనే. మేలో పిల్లలు దిగి ఆడుకున్న బోదె అప్పటికి నిండి ఉంటుంది. ఆ వారంలోనే పిల్లలు నడిచే గట్టు మీద నడిచి చూసి, రెయిలింగు లేని వంతెనలు, జారే రేవు మెట్లు, రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల కరెంటు తీగలు రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా బాగు చేయించే మనిషి పేరు, తేదీ ఉండాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది వచ్చిందంటే లంక పిల్లలను పడవ ఎక్కించేది లేదని ముందే తీర్మానించుకోండి. గోదావరి పోటెత్తాక రేవులో చర్చ పెట్టుకుంటే మొండిగా ఎక్కేవాళ్లదే పైచేయి అవుతుంది.

మనసు సంగతికి హాజరు పట్టీయే మొదటి పనిముట్టు. కారణం చెప్పకుండా మూడు రోజులు రాకపోతే టీచరు ఫోన్ చేయాలి, నాలుగో రోజు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. రెండు వారాలుగా నిద్ర, తిండి, స్నేహాలు మారిన బిడ్డను ఏఎన్ఎం ద్వారా డాక్టరుకు చూపించాలి. ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, చావు మాట ఎత్తినా రెండు వారాలు ఆగకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు బిడ్డ పక్కన కూర్చునే ఫోన్ చేయండి. ఖర్చు లేదు, రాత్రి పూట కూడా తెలుగులో మాట్లాడతారు.

డెల్టాలో అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువగా మరిచేదీ చూరులో దోపిన పురుగుమందు సీసా. ఆత్మహత్యాయత్నాల్లో చాలా వరకు క్షణికావేశంలో జరిగేవే. ఆ కాసేపు మందు చేతికి అందకపోతే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ. కాబట్టి మందును తాళం పెట్టెలో పెట్టి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోవాలి. మిగిలింది కూల్‌డ్రింకు సీసాల్లో పోయకూడదు. కమిటీలోని తల్లి, ఆశా కార్యకర్త పదో తరగతి ఫలితాలకు ముందే ఈ మాట ఇంటింటికీ చేర్చాలి. ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్లు కడిగి (మీ చేతులకు అంటకుండా), 108 పిలిచి, సీసాను వెంట పంపండి.

ఇక గుట్టు. ఎవరింటి సంగతైనా సాయంత్రానికి టీకొట్టు చేరే ఊళ్లలో జట్టు విఫలమయ్యేది ఇక్కడే. వాట్సాప్ గ్రూపులో పిల్లల పేరు పెట్టొద్దు. పేరున్న పుస్తకం ఒక్కటే, అది హెచ్ఎం బీరువాలోనే. పడవ మనిషికి బిడ్డ ఎక్కిందా దిగిందా అన్నది తెలిస్తే చాలు.

లైంగిక వేధింపు సంగతి తెలిస్తే జట్టు విచారణ చేయకూడదు, పెద్దమనుషుల పంచాయితీ అసలే వద్దు. 2012 నాటి పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. బిడ్డను పదే పదే అడిగి చెప్పించకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ ఫోన్ చేయండి.

ఏఎన్ఎం మారినా, టీచరు బదిలీ అయినా ఆ వారమే కాగితంలో పేరు మార్చండి. నెలకోసారి అందులోని ప్రతి నంబరుకూ ఫోన్ చేసి చూడండి. రాత్రి తొమ్మిదింటికి ఎత్తని నంబరు పక్కన మరొకటి రాయండి.