రాళ్ళ ఆపరేషన్‌కి వెళ్ళేముందు మందుల డబ్బా బోర్లించండి

మా నాన్నకి ఈమధ్యే బెంగళూరులో కిడ్నీ రాళ్ళకి లేజర్ ఆపరేషన్ అయింది, అనంతపురం నుంచి తీసుకొచ్చి మారతహళ్ళిలో మా ఇంట్లోనే పెట్టుకుని చేయించాం. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కన్నా మందులే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టాయి, అందుకే రాస్తున్నా.

మొట్టమొదట పేషెంటు వేసుకునే మందులన్నీ మంచం మీద బోర్లించండి. మా నాన్నది పాత బిస్కెట్ల డబ్బా, నిండా కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్కలే, నాలుగు మాత్రలు అడిగితే మెడికల్ షాపులో కోసిస్తారు కదా, పేరున్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఒక ముక్క మీద చివర్లో "మెట్" అని మాత్రం కనపడింది, షుగర్ మాత్ర కాబట్టి మెట్‌ఫార్మిన్ అనుకుని అదే చెప్పాం. తీరా అడ్మిట్ అవ్వాల్సిన ముందురోజు మత్తు డాక్టరు పాత చీటీ చూపించమంటే అందులో డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మందు కూడా కలిసుంది! ఆ మందు ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపాలి, లేకపోతే షుగర్ రీడింగ్ బాగానే ఉన్నా ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదకి వస్తుంది. ఇంకేముంది, వాయిదా. లీవు పెట్టి వచ్చిన మా తమ్ముడు నా మొహం చూశాడు, నేను నాన్న మొహం చూశాను, ఆయన మెల్లగా డబ్బా మూత పెట్టేసుకున్నాడు.

అందుకని బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని ఎంజీ, పూటకెన్ని అని రాసుకుని మత్తు డాక్టరుకి చూపించండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులుంటే గట్టిగా చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. వీపు దగ్గర రంధ్రం పెట్టి తీసే పీసీఎన్‌ఎల్‌లో రక్తం పోయే రిస్క్ ఎక్కువ, మూత్రం దారిలోంచి వెళ్ళి లేజర్‌తో కొట్టేదాంట్లో తక్కువ, కానీ గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళు ఈ మందులు ఆపితే ఆ స్టెంటే మూసుకుపోవచ్చు. కాబట్టి ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలి అనేది యూరాలజిస్టు, గుండె డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి, తేదీలతో కాగితం మీద రాయించుకోండి. బీపీ మాత్రలకీ అంతే, మా నాన్నని ఆ పొద్దున ఆమ్లోడిపిన్ ఒక గుక్క నీళ్ళతో వేసుకోమన్నారు, టెల్మిసార్టన్ వద్దన్నారు, మీకు వేరేలా చెప్పొచ్చు.

రాళ్ళు కరుగుతాయని కొండపిండాకు కషాయం తాగుతుంటే అదీ చెప్పండి. డాక్టరు తిడతాడని అందరూ దాచేది దాన్నే.

యూరిన్ కల్చర్‌లో ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ ఇస్తారు, మంట తగ్గింది కదా అని మధ్యలో మానొద్దు. రాయి పగలగొట్టేటప్పుడు అందులోని బ్యాక్టీరియా రక్తంలోకి పోతే మామూలు జ్వరంతో పోదు.

ఆపరేషన్ తర్వాత లోపల డీజే స్టెంటు పెడతారు (మా పెద్దమ్మ "గుండెకి కూడా చేశారా" అని ఫోన్లో ఏడ్చేసింది, ఇది కిడ్నీ నుంచి మూత్రసంచికి వేసే సన్నటి గొట్టం అంతే). మూత్రం పోసేటప్పుడు నడుము పక్కన లాగడం, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, గులాబీ రంగు మూత్రం ఇవన్నీ దానివల్లే. దానికని రాత్రిపూట టామ్‌సులోసిన్ రాశారు. నాన్న ప్రొస్టేట్‌కి ఎప్పటినుంచో వేసుకునే మాత్రలో కూడా అదే ఉంది, పేర్లు వేరు కాబట్టి రెండూ వేసేసుకున్నాడు, అర్ధరాత్రి బాత్రూమ్ తలుపు పట్టుకుని నిలబడి "ఇల్లు తిరుగుతోందమ్మా" అన్నాడు. పడలేదు, అదృష్టం. పొద్దున్నే ఫోన్ చేస్తే ఒకటి ఆపమన్నారు. నొప్పి మాత్రల్లోనూ ఇదే గొడవ, డోలో 650 ఒక పక్క, పారాసిటమాల్ కలిసిన ఇంకో నొప్పి మాత్ర ఇంకో పక్క, రెండూ కలిపి పారాసిటమాల్ పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, డాక్టరు ఇంకా తక్కువ చెబితే అంతే. డైక్లోఫెనాక్ ఇంట్లో పాతది ఉంది కదా అని వేయొద్దు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువున్న (అంటే కిడ్నీ సరిగ్గా పనిచేయని) వాళ్ళకి కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. స్టెంటు ఇబ్బందికి సోలిఫెనాసిన్ ఇస్తే నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ముందే తెలిస్తే కంగారుండదు. వార్డులో సిస్టరు వచ్చినప్పుడల్లా "నీరు జాస్తి కుడీరి" (కన్నడలో నీళ్ళు ఎక్కువ తాగండి అని) అనేది, ఆ ఒక్కటీ నాన్న బుద్ధిగా పాటించాడు.

100.4 దాటిన జ్వరం, చలితో వణుకు, రక్తం గడ్డలు, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏదొచ్చినా మాత్ర వేసి చూద్దాం అనుకోకుండా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

స్టెంటు తీసే తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి, నొప్పి లేదు కదా అని నెలలకి నెలలు వదిలేస్తే దానిమీదే రాళ్ళు పేరుకుంటాయి. తీసిన రోజు ఏ మాత్రలు ఆపాలో, ఏవి ఉంచాలో అడిగి చీటీ మీద కొట్టేయించుకోండి. నేనైతే ఇప్పుడు మెడికల్ షాపులో పేరున్న వైపే కోసివ్వమంటున్నా, కుదరదంటే కోసేముందు స్ట్రిప్పుకి ఫోటో తీసుకుంటున్నా.