పిల్లికే పిల్లికూతలు వస్తే

ఉబ్బసం ఉన్న మనిషి ఛాతీలో వినిపించే శబ్దాన్ని మనం పిల్లికూతలు అంటాం. తమాషా ఏమిటంటే, ఉబ్బసం వచ్చిన పిల్లిలో ఆ కూతలు మన చెవికి అందేది తక్కువ. కనిపించేది దగ్గు. అది కూడా చూడగానే దగ్గని తెలియదు. పిల్లి ఉన్నట్టుండి నేలకు అతుక్కుని కూర్చుంటుంది. మెడ ముందుకు సాచి, తల కిందికి దించి, పొడిగా ఐదారుసార్లు దగ్గుతుంది. చివర్లో ఒక గుటక మింగి, ఏమీ జరగనట్టు లేచి వెళ్లిపోతుంది. ఇంట్లోవాళ్లు "వెంట్రుకల ఉండ కక్కబోయింది, రాలేదు" అనుకుని ఊరుకుంటారు. ఇలా అనుకుంటూనే నెలలు గడిచిపోతాయి.

తేడా పొట్ట దగ్గర చూడండి. కక్కబోయే పిల్లికి పొట్ట మొత్తం లోపలికి పోతూ బయటికి వస్తూ అలలా కదులుతుంది, చివరికి తడి వెంట్రుకల ఉండో, తిన్న తిండో, కాస్త నురగో బయట పడుతుంది. దగ్గే పిల్లికి కదలికంతా మెడలోనూ ఛాతీలోనూ ఉంటుంది, నేల మీద ఏమీ పడదు. ఏమీ పడని ఈ "కక్కు" వారానికి రెండు మూడుసార్లు వస్తోందంటే ఉబ్బసాన్ని అనుమానించాల్సిందే. ఆ సమయంలో ఫోన్‌లో వీడియో తీయండి. ఆస్పత్రి బల్ల మీద పిల్లి దగ్గదు, బెదిరి బిగుసుకుపోతుంది. ఇరవై సెకన్ల వీడియో పదిహేను నిమిషాల వర్ణన కంటే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.

రెండో పని శ్వాస లెక్క. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క ఒకసారి పైకి లేచి దిగితే ఒక శ్వాస. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నిమిషానికి 15 నుంచి 30 వస్తుంది. గురగురమంటున్నప్పుడు, కలలో మీసాలు అదురుతున్నప్పుడు, ఎండలో తిరిగొచ్చిన వెంటనే లెక్కపెడితే అంకె తప్పుతుంది. వరసగా రెండు మూడు రోజులు 30 దాటుతుంటే డాక్టర్‌కు చూపించండి. 40 దాటితే ఆ రోజే తీసుకెళ్లండి. క్యాలెండర్‌లో తేదీ పక్కనే ఆ అంకె రాసిపెట్టుకోవడం మంచి అలవాటు, మందు పనిచేస్తోందా లేదా అన్నది కూడా ఆ అంకెలే చెబుతాయి.

నోరు తెరిచి రొప్పడం మాత్రం వేరే సంగతి. మే నెలలో తిరుపతి ఎండకు వీధికుక్కలన్నీ నాలుక చాపి రొప్పుతుంటే, పిల్లి రొప్పినా ఎండకేలే అనిపిస్తుంది. కుక్కకు రొప్పడం ఒళ్లు చల్లబరుచుకునే మార్గం. పిల్లికి అది మామూలు విషయం కాదు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లు గులాబీ రంగు పోయి నీలంగానో బూడిదగానో కనిపిస్తున్నా, మోచేతులు ఎడంగా పెట్టి పడుకోకుండా కూర్చున్నా, అది ప్రాణం మీదికి వచ్చినట్టే.

రోగం తేల్చేది ఎలా

ఉబ్బసానికి ఇదీ అని తేల్చే రక్తపరీక్ష లేదు. మిగిలిన రోగాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టి తేలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో శ్వాసనాళాల గోడలు మందమై, అడ్డంగా చూస్తే గారెల్లా, పొడవునా చూస్తే రైలు పట్టాల్లా కనిపిస్తాయి. లోపల గాలి చిక్కుకుని ఊపిరితిత్తులు ఉబ్బిపోయి ఉండొచ్చు. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఉబ్బసం లేదని కాదు. గోడ దూకి బల్లుల్ని, ఎలుకల్ని, పిట్టల్ని తినే పిల్లికి ఊపిరితిత్తుల పురుగులు పట్టి ఇదే దగ్గు వస్తుంది. అందుకే మల పరీక్ష చేస్తారు, లేదా ముందుగానే పురుగుల మందు కొన్నాళ్లు వాడి చూస్తారు. గుండె జబ్బును కూడా చూడాలి. పిల్లికి గుండె దెబ్బతింటే ఆయాసం వస్తుంది కానీ దగ్గు అరుదు. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టే ముందే ఈ సంగతి తేలాలి, గుండె బలహీనంగా ఉన్న పిల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ముప్పు తెస్తుంది.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లకు దాదాపు 70 కిలోమీటర్ల దారి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. పిల్లిని గాలి ఆడే బుట్టలో పెట్టి, పైన పల్చటి నూలుగుడ్డ కప్పండి. గోనెసంచిలో కట్టి ఆటోలో తీసుకురావడం ఇంకా కనిపిస్తుంది, ఆయాసంతో ఉన్న పిల్లికి అది ఊపిరి ఆపేసే పని.

మందులు: వాపుకు ఒకటి, బిగుతుకు ఒకటి

ఉబ్బసంలో జరిగేవి రెండు. శ్వాసనాళాల లోపలి పొర వాచి జిగురు ఊరుతుంది. చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. వాపుకు స్టెరాయిడ్, బిగుతుకు సాల్బుటమాల్ అనే పీల్చే మందు. చాలామంది పొరబడేది ఇక్కడే. సాల్బుటమాల్ పీల్చగానే పిల్లి తేరుకుంటుంది కాబట్టి రోజూ దాన్నే కొడుతూ పోతారు. లోపల వాపు అలాగే ఉంటుంది. పైగా సాల్బుటమాల్‌ను రోజూ వాడితే వాపు ఇంకా పెరగొచ్చు. అది ఆపదకు దాచుకునే మందు.

మొదట్లో డాక్టర్ ప్రెడ్నిసొలోన్ మాత్ర రాస్తారు, సాధారణంగా రోజుకు కిలో బరువుకు 1 నుంచి 2 మి.గ్రా. చీటీ మీద పేరు సరిచూసుకోండి. ప్రెడ్నిసోన్ అని ఇంకో మందు ఉంది, పిల్లి ఒళ్లు దాన్ని సరిగ్గా వాడుకోలేదు. మాత్ర గొంతులో ఆగితే అన్నవాహిక పుండు పడుతుంది, అందుకే మాత్ర వెనకాలే సిరంజితో 5 మి.లీ. నీళ్లు నెమ్మదిగా బుగ్గ పక్క నుంచి పట్టండి. దగ్గు తగ్గిందని మాత్ర ఒక్కసారిగా ఆపొద్దు, మోతాదు మెట్లు మెట్లుగా దింపాలి. మాత్రలకు ఒప్పుకోని పిల్లికి నెలకో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పించడం సులువే, కానీ మధుమేహం తెచ్చిపెట్టే ముప్పు దానితో ఎక్కువ. వేరే దారి బొత్తిగా లేనప్పుడే దాని జోలికి వెళ్లడం నయం. పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతున్నా, మూత్రం ఎక్కువ పోస్తున్నా వెంటనే చక్కెర పరీక్ష చేయించండి.

ఎక్కువ కాలానికి మేలైన దారి పీల్చే స్టెరాయిడ్, అంటే ఫ్లూటికాసోన్. సాధారణంగా 125 మైక్రోగ్రాముల డోసు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇది పూర్తిగా పట్టుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ మాత్రలు కూడా నడవాలి. "ఇన్హేలర్ కొన్నాం, మాత్ర మానేశాం, మళ్లీ దగ్గు వచ్చింది" అనే మాటకు కారణం ఇదే.

పిల్లికి ఇన్హేలర్ నేరుగా పెట్టలేం, స్పేసర్ కావాలి, అంటే ఒక చివర ఇన్హేలర్, ఇంకో చివర మాస్కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం. పిల్లుల కోసం చేసినవి ఉన్నాయి. దొరక్కపోతే మందుల షాపులో పసిపిల్లల మాస్కుతో వచ్చే చిన్న స్పేసర్ పనికొస్తుంది. నాలుగు కిలోల పిల్లి ఒక శ్వాసకు లాగే గాలి దాదాపు 40 మి.లీ. మాత్రమే, పెద్దవాళ్ల స్పేసర్ కొంటే మందు చాలావరకు అందులోనే మిగిలిపోవచ్చు. మాస్కు అంచు ముక్కునూ నోటినీ కప్పాలి, కళ్ల మీదికి ఎక్కకూడదు.

మొదటి రోజే మొహానికి అదిమితే పని చెడిపోతుంది. రెండు రోజులు మాస్కును తిండిగిన్నె పక్కనే పడేయండి. తర్వాత మాస్కు లోపల ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి మూతి దూర్చనివ్వండి. ఆ తర్వాత మందు లేకుండా రెండు, ఐదు, పది శ్వాసల దాకా పెట్టి ఉంచండి. వారం పడుతుంది, పట్టనివ్వండి. మందు ఇచ్చే రోజు ఇన్హేలర్ డబ్బాను పది సెకన్లు గట్టిగా ఊపండి. కొత్తదైతే గాలిలోకి రెండు మూడుసార్లు వదిలేయండి. పిల్లిని వెనక నుంచి ఒళ్లో ఆనించుకుని కూర్చోండి. "పుస్" శబ్దానికి పిల్లి ఉలిక్కిపడుతుంది కాబట్టి ముందు స్పేసర్‌లోకి ఒక్కసారి నొక్కి, వెంటనే మాస్కు పెట్టండి. స్పేసర్‌లో శ్వాసకు తెరుచుకునే కవాటం రెక్క కదలడం చూస్తూ 7 నుంచి 10 శ్వాసలు లెక్కపెట్టండి. అయ్యాక మూతి తడిగుడ్డతో తుడవండి.

స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి నీడలో ఆరబెట్టండి. లోపల గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం పట్టి మందు గోడకే అంటుకుపోతుంది. డబ్బా ఖాళీ అయిందేమోనని నీళ్లలో తేల్చి చూడటం నమ్మదగ్గ పద్ధతి కాదు, మందు అయిపోయినా గాలి వస్తూనే ఉంటుంది. 120 డోసులైతే రోజుకు రెండు చొప్పున 60 రోజులు. మొదలుపెట్టిన తేదీని డబ్బా మీదే రాయండి.

పొగ, ధూళి

మందులు ఎంత బాగా వాడినా, శుక్రవారం సాంబ్రాణి వేసే గదిలోనే పిల్లి పడుకుంటే ఫలితం సగమే. అగరొత్తులు, దోమల చుట్ట, వేపాకు పొగ, ఎండుమిర్చి పోపు ఘాటు, సిగరెట్టు అన్నీ ఆ వాచిన నాళాలను గోకేవే. పూజ అయ్యేదాకా పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపు వేయండి, దోమలకు వల వాడండి. భోగి తెల్లవారుజామున, దీపావళి రాత్రి కిటికీలు మూసేయండి. సంక్రాంతికి సున్నం కొట్టే రోజులు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు గోడలు చెమ్మపట్టి బూజు పట్టే రోజులు, కూలర్ గడ్డిమెత్తలు కుళ్లిన వేసవి రోజులు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఫినాయిల్ పొగతో పనిలేకుండానే పిల్లికి విషం, ఆ నేల తొక్కిన పాదాలను నాకితేనే లోపలికి పోతుంది.

మలం పెట్టెలో రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు, మెత్తటి మట్టి వద్దు. తవ్విన ప్రతిసారీ ధూళి నేరుగా ముక్కులోకి పోతుంది. కడిగి ఆరబెట్టిన ముతక ఇసుక, లేదా చెక్క గుళికలు వాడండి. లావు పిల్లికి బరువు తగ్గించండి కానీ పస్తు పెట్టి కాదు. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పడుతుంది.

ఆయాసం ముంచుకొస్తే

ఫ్యాన్ వేసి, గోల తగ్గించి, స్పేసర్‌లో 100 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ ఒక్క నొక్కు ఇచ్చి 7 నుంచి 10 శ్వాసలు పట్టండి. మాస్కుకు గింజుకుంటుంటే బలవంతం చేయొద్దు, గింజుకోవడానికి ఖర్చయ్యే ప్రాణవాయువు దానికి అప్పుడు చాలా ఖరీదు. నీళ్లు, పాలు పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆక్సిజన్ సిద్ధం చేయమని చెప్పి బయల్దేరండి. తేరుకుంటుందేమోనని ఇంట్లో ఆగొద్దు. దారిలో అరగంట దాటితే ఇంకో నొక్కు ఇవ్వొచ్చు.

మన మందుల డబ్బా మాత్రం తెరవొద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. దగ్గు సిరప్, యూకలిప్టస్ నూనెతో ఆవిరి, ఛాతీకి రుద్దే మందు, ఇవన్నీ ఉన్న ఊపిరిని కూడా తీసేస్తాయి.