చెర్రీలు వారం దాకా గట్టిగా ఉండాలంటే

చెర్రీలు తెచ్చిన రెండ్రోజులకే మెత్తబడి బూజు పట్టేస్తుంటే, తేగానే కడగడం మానేయండి, తడికే బూజు తొందరగా వస్తుంది. పగిలినవి, మెత్తబడ్డవి ఏరేసి, మిగతావి కాడలతోనే డబ్బాలో టిష్యూ పేపర్ పరిచి రెండు వరసలకి మించకుండా సర్ది, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే చోట పెట్టండి, తినే ముందే కడుక్కోండి. వారం దాకా బాగుంటాయి.

కొనేటప్పుడు కాడ పచ్చగా ఉందా లేదా అన్నదే అసలు గుర్తు. బింగ్ రకమైతే ముదురు రంగువి తియ్యగా ఉంటాయి, పసుపు ఎరుపు కలిసిన రెయినియర్ తొందరగా నలిగిపోతుంది కాబట్టి దాన్నే ముందు తినేయాలి, నాకైతే రుచిలో అదే ఎక్కువిష్టం.

కాడలు ఎండిపోయిన పాత పళ్ళకి మాత్రం ఇది పనిచేయదు, వాటిని గింజ తీసి ఫ్రీజర్‌లో పెట్టేయడమే మేలు.