ఈబస్ రిపోర్టు తేలకపోతే: ఎందుకలా, తర్వాత ఏం చేయాలి

గజ్జల్లో, చంకల్లో బిళ్ల కట్టడం అందరికీ తెలుసు. అలాంటి లింఫు గ్రంథులు ఛాతీలో శ్వాసనాళాల చుట్టూ కూడా ఉంటాయి. అవి వాస్తే ఈబస్ (శ్వాసనాళం లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేస్తాం. నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌లో బిళ్లను చూస్తూ సూదితో గుచ్చుతాం. కోత ఉండదు. ఈ పరీక్ష చేసే డాక్టరుగా, రిపోర్టు పట్టుకుని కంగారుగా వచ్చేవాళ్లకు నేను చెప్పేవి రాస్తున్నాను.

"శాంపిల్ చాలలేదు", లేదా అంతా రక్తమే

కారణం: సిరంజితో గట్టిగా లాగితే కణాల బదులు రక్తం వస్తుంది. బిళ్ల మధ్య భాగం చచ్చిపోయి ఉంటే అక్కడ పనికొచ్చే కణాలే దొరకవు.

పరిష్కారం: మళ్లీ చేసేటప్పుడు డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) రక్తనాళాలు చూసి తప్పించి, సక్షన్ (సిరంజితో లాగడం) తీసేసి, బిళ్ల అంచు నుంచి తీయాలి. ఒక్కో బిళ్లలో కనీసం మూడుసార్లు గుచ్చడం మంచిది. స్లైడు మీది కణాల్ని అక్కడికక్కడే మైక్రోస్కోపులో చూసే సైటాలజిస్టు ఉంటారా అని ముందే అడగండి.

"క్యాన్సర్ కణాలు లేవు"

ఈ మాట చూసి ఊరట పడి తర్వాతి పరీక్షలు మానేసినవాళ్ల గురించే నాకు దిగులు. రిపోర్టులో దాని కింది లైన్ కూడా చదవండి. లింఫోసైట్లు (లింఫు గ్రంథుల్లో ఉండే తెల్ల రక్తకణాలు) కనిపించాయంటే సూది బిళ్లలోకే వెళ్లింది. శ్వాసనాళపు పొర కణాలు మాత్రమే ఉంటే ఆ "లేవు"కి విలువ లేదు. లింఫోసైట్లు ఉన్నా క్యాన్సర్ బిళ్లలో ఓ మూలే ఉండి సూదికి తగలకపోవచ్చు. సీటీ, పెట్ స్కాన్లలో అనుమానం గట్టిగా ఉంటే మళ్లీ ఈబస్ గానీ మీడియాస్టినోస్కోపీ (మెడ కింద చిన్న కోతతో బిళ్ల ముక్క తీసే ఆపరేషన్) గానీ చేయించాలి. ఛాతీలో బిళ్లలున్న చోట్లకు డాక్టర్లు నంబర్లు ఇస్తారు; బృహద్ధమని పక్కనుండే 5, 6 నంబర్ల బిళ్లలకు ఈబస్ సూది మామూలుగా అందదు, వాటికి వేరే దారి చూడాలి.

"గ్రాన్యులోమా ఉంది"

గ్రాన్యులోమా అంటే వాపు కణాలు గుంపుగా చేరిన చిన్న ముద్ద. టీబీ కావచ్చు, సార్కాయిడోసిస్ (క్రిమి లేకుండానే ఇలాంటి ముద్దలు కట్టే జబ్బు) కావచ్చు. క్యాన్సర్ ఉన్నచోట బిళ్లల్లోనూ ఒక్కోసారి ఇలా కనిపిస్తుంది. తేల్చడానికి జీన్ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి జన్యువుల్ని వెతికే పరీక్ష), కల్చర్ (క్రిముల్ని ల్యాబులో పెంచి చూడడం) కావాలి. శాంపిల్ మొత్తం ఫార్మలిన్ (కణాలు చెడకుండా ఉంచే రసాయనం) సీసాలో వేసేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కి పనికిరాదు. నా ట్రేలో ఎప్పుడూ రెండు సీసాలుంటాయి, ఒకటి ఫార్మలిన్, ఒకటి సెలైన్. సూదిలోంచి వచ్చిన ఎర్రటి దారం లాంటి ముక్కల్లో కొన్ని తప్పకుండా సెలైన్‌లోకి వెళ్తాయి.

క్యాన్సరే, కానీ జన్యు పరీక్షకు చాలలేదు

స్లైడ్లకే శాంపిల్ అయిపోయి ఉంటుంది. ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1 పరీక్షలు సాధారణంగా సెల్ బ్లాక్ (కణాల్ని ముద్దగా చేసి మైనంలో బిగించినది) మీద చేస్తారు. దానికోసం అదనంగా గుచ్చమని ముందే చెప్పాలి. ఇప్పుడు రక్త పరీక్షతోనూ జన్యుమార్పులు వెతుకుతున్నారు, కానీ అందులో కనిపించనంత మాత్రాన లేవని కాదు.

పరీక్ష తర్వాత

ఒకట్రెండు రోజులు కఫంలో రక్తపు చారలు మామూలే. రక్తం ధారగా పడినా, ఆయాసం, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పండి. గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు ఆ మాత్రలు సొంతంగా ఆపకూడదు.